సంక్రాంతికి పెట్టెలో పెట్టిన బ్యాటరీ

సంక్రాంతి నాటికి అనకాపల్లి చుట్టుపక్కల వరి కోతలు, నూర్పులు దాదాపు అయిపోతాయి. బెల్లం క్రషర్లు ఆడుతూనే ఉంటాయి, మార్కెట్ యార్డుకు దిమ్మలు వస్తూనే ఉంటాయి. పొలాల మీద మందు కొట్టే డ్రోన్లకు మాత్రం ఆ వేళకి పని పలచబడుతుంది. డ్రోన్‌ను కడిగి, ట్యాంకు ఆరబెట్టి, దాని చేతులు మడిచి ఒక మూలన పెడతారు. బ్యాటరీల దగ్గరికొచ్చేసరికి, ఎప్పుడు పిలుపొచ్చినా సిద్ధంగా ఉండాలని వాటిని ఫుల్లుగా ఛార్జింగ్ చేసి, పెట్టెలో సర్ది, రేకుల గదిలో అటక మీద పెట్టేస్తారు. తొలకరి పడ్డాక తీస్తే ఒకటి పొట్ట ఉబ్బి ఉంటుంది. ఇంకొకటి చూడ్డానికి బాగానే ఉన్నా, ట్యాంకులో సగం మందు ఉండగానే డ్రోన్‌ను కిందికి దింపేస్తుంది. నాసిరకం సరుకు అంటగట్టారని కంపెనీని తిట్టుకుంటారు. చాలాసార్లు ఆ బ్యాటరీ వచ్చినప్పుడు బాగానే ఉంది, అటక మీద ఉన్న అయిదు నెలల్లోనే చెడింది.

డ్రోన్ గురించి ఊళ్లో మాట వస్తే ఎకరం ఎన్ని నిమిషాల్లో అయింది, కూలి ఎంత మిగిలింది, సబ్సిడీ ఎంత వచ్చింది అనే అడుగుతారు. ఖాళీ నెలల్లో బ్యాటరీని ఎలా దాచారని అడిగేవారు అరుదు. ప్రభుత్వం డబ్బు, మహిళా సంఘాల పొదుపు, రైతు గుంపుల అప్పు కలిసి కొన్న యంత్రాల భవిష్యత్తు ఈ ఒక్క ప్రశ్న మీద చాలావరకు ఆధారపడి ఉంది. కాబట్టి దీన్ని పైలట్ల సొంత గొడవగా వదిలేయడం సరికాదు. ఇది వ్యవసాయ శాఖ, విశ్వవిద్యాలయం, విద్యుత్ పంపిణీ సంస్థ కలిసి పట్టించుకోవాల్సిన పని.

ఈ జిల్లాకు డ్రోన్ అవసరం ఎంతో ఉంది. అయిదారు నెలలు దాటిన చెరకు తోటలోకి స్ప్రేయర్ వీపున కట్టుకుని మనిషి దూరడం ఎంత నరకమో దూరినవాళ్లకే తెలుసు. ఆకు అంచు రంపంలా కోస్తుంది, గాలి ఆడదు, కొట్టిన మందు మొహం మీదే పడుతుంది. జీడిమామిడికి పూత దశలో టీ దోమ పట్టినప్పుడు చెట్టు పైకొమ్మలకు మందు అందించడం కష్టం. వరిలో దోమపోటు కనిపించిందంటే రెండు మూడు రోజుల్లో మందు పడాలి, సరిగ్గా అప్పుడే కూలీలు దొరకరు. ఇలాంటి చోట పది లీటర్ల ట్యాంకుతో ఎగిరే డ్రోన్ ఎకరాన్ని పది నిమిషాల లోపే తడిపేస్తుంది. మనిషి ఊపిరితిత్తుల్లోకి విషం పోయే బాధ చాలావరకు తగ్గుతుంది. అందుకే ఈ యంత్రం ఒకటి రెండు సీజన్లకే మూలన పడటం చూస్తే బాధేస్తుంది.

కేంద్రం 2023 నవంబరులో నమో డ్రోన్ దీదీ పథకాన్ని ఆమోదించింది. దీని కోసం 1,261 కోట్ల రూపాయలు కేటాయించింది. ఎంపికైన మహిళా స్వయం సహాయక సంఘాలకు డ్రోన్ ఖర్చులో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల రూపాయల వరకు సాయం అందుతుంది. సామగ్రి జాబితాలో డ్రోన్‌తో వచ్చే బ్యాటరీ సెట్ కాక మరో నాలుగు సెట్లు, రెండు వైపుల ఛార్జింగ్ పెట్టే ఫాస్ట్ ఛార్జర్, ఛార్జర్ హబ్ ఉన్నాయి. గాలి వేగం కొలిచే పరికరం, పీహెచ్ మీటరు కూడా ఉన్నాయి. అదనపు బ్యాటరీలు ఉంటే రోజుకు 20 ఎకరాలు సులువుగా అవుతాయని కేంద్ర వ్యవసాయ శాఖ చెప్పింది. శిక్షణ 15 రోజులు. అందులో 5 రోజులు డ్రోన్ నడపడం, 10 రోజులు మందులు, పోషకాలు కొట్టడం. సంఘ సభ్యుల్లో గానీ వాళ్ల ఇళ్లల్లో గానీ కరెంటు పని, ఫిట్టింగు పని అంటే ఇష్టమున్న ఒకరికి డ్రోన్ అసిస్టెంట్‌గా విడిగా శిక్షణ ఇవ్వాలని కూడా పథకంలో ఉంది. ఈ చివరి మాట చాలా విలువైనది. దాని దగ్గరికి మళ్లీ వద్దాం.

బ్యాటరీ నిండుగా ఉంటేనే క్షేమమన్న నమ్మకం ఊరికే పుట్టలేదు. ఇంట్లో ఇన్వర్టర్‌కు, ట్రాక్టరుకు ఉండేది లెడ్ యాసిడ్ బ్యాటరీ. దాన్ని ఖాళీగా వదిలేస్తే పలకల మీద సల్ఫేటు గట్టిపడి ఇక పనికిరాదు. అందుకే మెకానిక్ ఎప్పుడూ ఫుల్లుగా ఉంచమంటాడు, అక్కడ ఆ మాట నూరుపాళ్లు నిజం. ఆ అనుభవాన్నే రైతు ఇంట్లోవాళ్లు డ్రోన్ బ్యాటరీకీ పట్టించారు. కానీ ఇది లిథియం జాతి. మొదటి లిథియం అయాన్ బ్యాటరీని సోనీ కంపెనీ 1991లో మార్కెట్‌లోకి తెచ్చింది. దాని వెనకున్న పరిశోధనకు గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో నోబెల్ వచ్చింది. వ్యవసాయ డ్రోన్లలో ఎక్కువగా కనిపించే లిపో, అంటే లిథియం పాలిమర్ ప్యాక్, ఆ కుటుంబంలోదే. గట్టి లోహపు డబ్బా ఉండదు. పలచటి అల్యూమినియం పొర సంచుల్లో సెల్‌లు పేర్చి ఉంటాయి. బరువు తగ్గడానికి, ఒక్క ఊపులో ఎక్కువ కరెంటు ఇవ్వడానికి ఈ ఏర్పాటు.

లిపో సెల్ 4.2 వోల్టుల దగ్గర నిండుతుంది. ఆ స్థాయిలో లోపలి ద్రవం, అంటే ఎలక్ట్రోలైట్, నెమ్మదిగా విచ్ఛిన్నమవుతూ ఉంటుంది. డ్రోన్ ఎగిరినా ఎగరకపోయినా ఈ పని ఆగదు, వేడి తోడైతే వేగం పెరుగుతుంది. అప్పుడు పుట్టే గ్యాస్ బయటికి పోయే దారి లేక సంచీ ఉబ్బుతుంది. అలాగని ఖాళీ చేసి పెట్టినా ముప్పే. 3 వోల్టుల కిందికి జారిన సెల్ దెబ్బతింటుంది. ఇంకా కిందికి పోతే లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. ఆ తర్వాత ఛార్జింగ్ పెడితే లోపలే షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. లిథియంకు ఈ రెండు కొసల మధ్యే హాయి. సెల్‌కు 3.8 నుంచి 3.85 వోల్టులు, అంటే దాదాపు సగం ఛార్జ్ దగ్గర ఉంచితే నెలల తరబడి పెద్దగా నష్టం లేకుండా ఉంటుంది. మంచి ఛార్జర్లన్నిటిలో 'స్టోరేజ్' అనే మోడ్ దీనికోసమే పెట్టారు. ప్యాక్ నిండుగా ఉంటే దించి, తక్కువుంటే ఎక్కించి, ఆ మధ్య మెట్టు దగ్గర ఆపేస్తుంది. ఒక బటన్ నొక్కితే అయిపోయే పని.

తేడా ఎంతో అంకెల్లో చూస్తే విషయం తేలిపోతుంది. కెనడాలోని కేడెక్స్ అనే బ్యాటరీ పరికరాల కంపెనీ నడిపే 'బ్యాటరీ యూనివర్సిటీ' లిథియం అయాన్ సెల్‌ల మీద ప్రచురించిన పట్టిక ప్రపంచమంతా వాడుకలో ఉంది. 25 డిగ్రీల చోట 40 శాతం ఛార్జ్‌తో ఏడాది ఉంచితే సామర్థ్యంలో 96 శాతం మిగులుతుంది. అదే చోట నిండుగా ఉంచితే 80 శాతమే. 40 డిగ్రీల చోట సగానికి తక్కువ ఛార్జ్‌తో ఉంచితే 85, నిండుగా ఉంచితే 65. ప్యాక్‌ను బట్టి అంకెలు అటూ ఇటూ అవుతాయి గానీ దిశ మారదు. మే నెలలో రేకుల కప్పు కింద అటక మీద ఎంత వేడి ఉంటుందో అనకాపల్లి వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు, 40 డిగ్రీలు అక్కడ మామూలు సంగతి. అంటే మన ఊళ్లలో జరిగేది ఆ పట్టికలోని చెడ్డ గడుల్లో ఒకటి. నిండు ఛార్జ్, నిండు వేడి, దాంతోపాటు సముద్రపు గాలి తెచ్చే ఉక్క. ఒక్క పని కూడా చేయకుండానే బ్యాటరీ తన సామర్థ్యంలో పెద్ద భాగం పోగొట్టుకోవడానికి ఇంతకన్నా అనువైన ఏర్పాటు లేదు.

సరుకు ధర దాచే పద్ధతిలోనే ఉందన్న జ్ఞానం ఈ ఊరికి కొత్త కాదు. వానాకాలంలో నిమ్ము తగిలితే బెల్లం దిమ్మ చెమర్చి, మెత్తబడి, రంగు మారి రేటు పడిపోతుందని ఇక్కడి వర్తకుడికి తాత తండ్రుల నాటి నుంచి తెలుసు. ఏ గోదాములో ఎంత గాలి తగలాలో, ఎప్పుడు తలుపులు మూయాలో లెక్క ఉంది. ఆ శ్రద్ధలో పదో వంతు డ్రోన్ బ్యాటరీ మీద పెడితే చాలు.

ఇక సీజన్ రోజుల సంగతి. 20 ఎకరాల రోజును కాస్త లెక్క వేసి చూద్దాం. ఎకరానికి ఒక ట్యాంకు, ట్యాంకుకు ఒక బ్యాటరీ సెట్ అనుకుంటే 20 సార్లు ఎగరాలి. చేతిలో ఉన్నవి అయిదు సెట్లు. పొద్దున్నే అయిదూ నిండుగా ఉన్నా మిగతా 15 సార్లు పొలం దగ్గరే ఛార్జింగ్ పెట్టాలి. బ్యాటరీ సామర్థ్యానికి సమానమైన కరెంటుతో, అంటే 16 ఆంపియర్ అవర్ల ప్యాక్‌కు 16 ఆంపియర్లతో, ఛార్జింగ్ పెడితే సుమారు గంట పడుతుంది. పైలట్ల భాషలో ఇది 'వన్ సీ'. ఒక్కో ఛార్జర్ మీద ఒక్కో సెట్ చొప్పున రెండు ఛార్జర్లు ఆగకుండా నడిచినా ఏడెనిమిది గంటలు కావాలి. మందు కొట్టడానికి గాలి తక్కువున్న పొద్దుటి పూట, సాయంత్రం పూటే మంచి వేళ. దోమపోటు వారంలో రైతులు వరసకట్టి నిలబడతారు. అప్పుడు పైలట్ ఏం చేస్తుంది? రెట్టింపు కరెంటుతో ఛార్జింగ్ పెడుతుంది. డ్రోన్ నుంచి తీసిన బ్యాటరీ చేత్తో పట్టుకోలేనంత వేడిగా ఉన్నా ఆ వేడి మీదే ఛార్జర్‌కు తగిలిస్తుంది. ఇంకో ఎకరం లాగుదామని చివరి బొట్టు దాకా ఎగరేస్తుంది.

ఆ ఒత్తిడిని అర్థం చేసుకోకుండా 'జాగ్రత్తగా వాడండి' అని చెప్పడం దండగ. కానీ వేడి బ్యాటరీ మీద ఛార్జింగ్ పెట్టడం ఎంత ఖరీదైన తొందరో పైలట్‌కు తెలియాలి. 40, 45 డిగ్రీలు దాటిన సెల్‌కు ఛార్జింగ్ ఎక్కిస్తే ముసలితనం తరుముకొస్తుంది. నీడలో, గాలి తగిలే చోట 20, 30 నిమిషాలు ఆరనిస్తే చాలు. తడిగుడ్డ కప్పడం, నీళ్లు చల్లడం చేయకూడదు. లిపో ప్యాక్ సాధారణంగా మూడు నుంచి అయిదు వందల ఛార్జింగ్ సైకిళ్లకు బాగా నీరసపడుతుంది. రోజుకు నాలుగు సార్లు చొప్పున 60 రోజులు పనిచేస్తేనే ఒక్కో సెట్ 240 సైకిళ్లు తిరుగుతుంది. కాబట్టి బాగా పనిచేసే పైలట్ చేతిలో బ్యాటరీకి సహజంగానే ఒకటి రెండు సీజన్ల ఆయుష్షు. ఎకరాకు నాలుగైదు వందల కిరాయి మీద నడిచే వ్యాపారంలో, సెట్‌కు పదుల వేల రూపాయలు పోసే చోట, అటక మీది వేడి అందులోంచి ఒక సీజన్‌ను మింగేస్తే సంఘం లాభం మొత్తం అక్కడే పోతుంది.

బ్యాటరీ తన బాధ ముందే చెబుతుంది, చూసే అలవాటుండాలి. ఆరు సెల్‌ల ప్యాక్‌ను చేతిలోకి తీసుకుంటే దాని నుంచి రెండు లావు తీగలు, ఎరుపు ఒకటి నలుపు ఒకటి, వస్తాయి. వాటి పక్కనే చిన్న తెల్లటి ప్లగ్గులో ముగిసే ఏడు సన్న తీగలుంటాయి. ఆ సన్న తీగలే ప్యాక్‌కు నాడి. ఆరు సెల్‌లలో ఒక్కొక్కదాని వోల్టేజీని ఛార్జర్ వాటి ద్వారానే చదువుతుంది. తెర మీద మొత్తం 22.8 అని కనిపిస్తే సంతోషించి వదిలేయకూడదు, కిందికి వెళ్లి ఒక్కో సెల్ చూడాలి. ఉదాహరణకు అయిదు సెల్‌లు 3.84 చూపిస్తూ ఒకటి 3.61 దగ్గర ఉందనుకోండి. మొత్తం 22.81 కాబట్టి పైకి అంతా బాగున్నట్టే ఉంటుంది. కానీ ఎగిరేటప్పుడు ఆ ఒక్క సెల్ ముందుగా కుప్పకూలుతుంది, నిండు ట్యాంకుతో ఉన్న పాతిక కిలోల డ్రోన్‌ను తనతో పాటు కిందికి లాగుతుంది. బ్యాలెన్స్ ఛార్జింగ్ అంటే ఈ ఆరింటినీ ఒకే మట్టానికి తేవడం. తొందరలో ఆ తెల్ల ప్లగ్గు తగిలించకుండా లావు తీగలతోనే ఛార్జింగ్ పెట్టేవాళ్లు ఉన్నారు. ఇంతకన్నా ప్రమాదకరమైన అలవాటు లేదు. వెనకబడ్డ సెల్‌ను చూసుకోకుండా మిగతా వాటిని ఎక్కించుకుంటూ పోతే ఏదో ఒకటి 4.2 దాటిపోతుంది, అక్కడి నుంచి నిప్పుకు ఎంతో దూరం లేదు.

నిప్పు మాట ఊరికే భయపెట్టడానికి అన్నది కాదు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఒక ఇంట్లో రాత్రిపూట ఛార్జింగ్‌లో ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ పేలి 80 ఏళ్ల పెద్దాయన చనిపోయారు. అదే నెలలో విజయవాడలో పడకగదిలో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ఇంటి యజమాని ప్రాణం పోయింది, భార్యాబిడ్డలు గాయపడ్డారు. ఆ సెప్టెంబరు 12న సికింద్రాబాద్ రూబీ హోటల్ కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మొదలైన మంటల పొగ పైకెక్కి ఎనిమిది మంది మరణించారు. ఆ ఏడాది దేశమంతటా ఇలాంటివి జరిగాక కేంద్రం వాహనాల బ్యాటరీ ప్రమాణాలను బిగించింది. డ్రోన్ ప్యాక్ కూడా అదే జాతి. స్కూటర్ బ్యాటరీకి ఉండే గట్టి పెట్టె దీనికి ఉండదు, ఒక్కో ఇంట్లో ఒకటి కాక ఐదారు సెట్లు పక్కపక్కనే ఉంటాయి. మూసిన చోట మంట ఏం చేస్తుందో అనకాపల్లి జిల్లాకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. 2024 ఆగస్టులో అచ్యుతాపురం ఫార్మా సెజ్‌లో 17 మంది పోయారు. అక్కడి కారణం వేరు, రసాయనం వేరు. కానీ ప్రమాదం జరిగాక తిరిగే కమిటీల కన్నా ముందు పెట్టుకునే జాగ్రత్త ఎంత చవకో ఈ జిల్లా చూసినంత దగ్గరగా ఎవరూ చూడలేదు.

కాబట్టి ఛార్జింగ్ మూల ఎక్కడ ఉండాలన్నది ఇంటి విషయమే అయినా దాని మీద మాట్లాడక తప్పదు. మంచం కింద వద్దు, వంటగది పక్కన వద్దు, బయటికి పోయే ఒకే ఒక్క గుమ్మం దగ్గర అసలు వద్దు. సిమెంటు గచ్చు, తెరిచిన కిటికీ, దగ్గర్లో గడ్డీ గోనెసంచులూ డీజిల్ డబ్బాలూ లేని చోటు, చేతికందేలా ఇసుక బకెట్లు ఉండాలి. రాత్రి ఛార్జింగ్ పెట్టి పడుకోవద్దు. పొట్ట ఉబ్బిన ప్యాక్‌ను నొక్కి, సూదితో పొడిచి గాలి తీసే ప్రయత్నం ప్రాణాంతకం. తియ్యటి ఘాటు వాసన వచ్చినా, చప్పుడు వచ్చినా ముందు మనుషులు బయటికి రావాలి. ఆ పొగ విషం. లిథియం మంట ఆరినట్టే ఆరి మళ్లీ అంటుకుంటుంది కాబట్టి బ్యాటరీని కాపాడాలని ఎవరూ లోపలికి వెళ్లకూడదు.

కరెంటు సంగతి కూడా దీంతో ముడిపడి ఉంది. 22 ఆంపియర్ అవర్ల ఆరు సెల్‌ల ప్యాక్‌లు రెండు కలిసిన సెట్‌కు దాదాపు ఒక యూనిట్ విద్యుత్తు పడుతుంది. ఎకరానికి ఒక యూనిట్ అన్నమాట, ఖర్చుగా చూస్తే ఏమంత పెద్దది కాదు. ఇబ్బంది వేగంతో వస్తుంది. ఆ సెట్‌ను రెట్టింపు కరెంటుతో ఛార్జింగ్ పెడితే రెండు కిలోవాట్లు దాటుతుంది, రెండు ఛార్జర్లు కలిసి నాలుగున్నర కిలోవాట్ల దాకా లాగుతాయి. 230 వోల్టుల దగ్గర అది 20 ఆంపియర్లు. ఇంట్లో సెల్‌ఫోన్ పెట్టుకునే చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లది, ఫ్రిజ్ ప్లగ్గు 16 ఆంపియర్లది. చాలా ఇళ్లలో ఎర్తింగ్ పేరుకే ఉంటుంది. ఎక్స్‌టెన్షన్ బోర్డు కరిగి, మెయిన్ పడిపోయి, ఛార్జింగ్ మధ్యలో ఆగిపోవడం మామూలే. డ్రోన్ వచ్చిన సంఘానికి విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ వాళ్లు ఒకసారి వచ్చి లోడు సరిచూసి, ఎర్తింగ్ పరీక్షించి, సరైన ప్లగ్గు పాయింటు పెట్టించి పోవడం పెద్ద ఖర్చేమీ కాదు. సబ్సిడీ లక్షల్లో ఇచ్చిన చోట ఇది చిల్లర కిందే లెక్క.

తుపాను రోజుల మాట ఒకటి చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ తీరాన్ని తాకినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. మన తుపాన్లు సరిగ్గా పంట కాలంలోనే, అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యే ఎక్కువ. హెచ్చరిక రాగానే అన్ని ప్యాక్‌లూ ఫుల్ చేసి పెట్టుకోవాలనిపించడం సహజం. వరద సహాయానికి డ్రోన్ కావాలని అధికారులు అడిగితే అలా చేయడంలో తప్పు లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలప్పుడు విజయవాడలో డ్రోన్లతో ఆహారం, మందులు అందించారు. కానీ గాలి తగ్గాక రెండు మూడు రోజుల్లో ఎగిరే పని లేదని తేలితే వెంటనే సగానికి దించేయాలి. తడిసిన ప్యాక్‌ను ఎండలో ఆరబెట్టి మళ్లీ వాడటం అసలు పనికిరాదు.

ఇంత హడావుడి ఎందుకు, బ్యాటరీ అంటే టైరు లాంటిది, అరిగితే మారుస్తాం అనేవాళ్లున్నారు. కొత్త ప్యాక్‌ల్లో లోపలే చిన్న సర్క్యూట్ ఉంటుంది, కొన్నాళ్లు వాడకపోతే తనే మెల్లగా ఛార్జ్ దించుకుంటుందనీ అంటారు. కొన్నిటి విషయంలో నిజమే. డబ్బున్న కంపెనీల డ్రోన్లకు ఆ సౌకర్యం వచ్చింది, మిగతావాటికీ వస్తుంది. కానీ ఇప్పుడు ఊళ్లలో తిరుగుతున్న సాదా లిపో ప్యాక్‌లకు ఆ తెలివి లేదు, మనిషే చూసుకోవాలి. తెలివైన ప్యాక్ కూడా వేడిని తప్పించుకోలేదు, దాన్ని రేకుల కింది నుంచి తీసి చల్లటి గదిలో పెట్టాల్సింది మనిషే. అరిగితే మారుద్దాం అనగలిగేది నెలనెలా జీతం వచ్చేవాళ్లు. 80 శాతం సబ్సిడీ డ్రోన్‌కు ఒకసారే వస్తుంది, రెండో విడత బ్యాటరీలకు రాదు. అప్పుడు సంఘం మీటింగులో అప్పు మాట ఎత్తలేక డ్రోన్ నడిపే ఇల్లాలు పడే ఇబ్బందిని లెక్కలోకి తీసుకోవాలి.

చేయాల్సిన పనులకు కొత్త పథకమేదీ అక్కర్లేదు. అనకాపల్లిలో 1913 నుంచి చెరకు మీద పరిశోధన చేస్తున్న కేంద్రం ఉంది, ఇప్పుడది ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ప్రాంతీయ పరిశోధన స్థానం. యలమంచిలి వైపు భాగవతుల చారిటబుల్ ట్రస్టు నడిపే కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, పల్లె ఆడవాళ్లకు పనులు నేర్పడంలో ఆ ట్రస్టుకు దశాబ్దాల అనుభవం. ఈ రెండు చోట్లా ఏడాదికి రెండుసార్లు, సంక్రాంతి వెళ్లిన వారం ఒకసారి, తొలకరి ముందు ఒకసారి, బ్యాటరీ పరీక్షలు పెట్టొచ్చు. ఒక్కో సెల్ వోల్టేజీ, లోపలి నిరోధం కొలిచి ప్యాక్ మీద తేదీతో చీటీ అంటించాలి. బాగున్నవాటిని స్టోరేజ్ మోడ్‌లో పెట్టి పంపాలి. వేసవిలో దాచడానికి ఇల్లు అనువుగా లేనివాళ్ల కోసం ప్రతి మండలంలో ఒక రైతు సేవా కేంద్రంలో కాంక్రీటు కప్పున్న, గాలాడే గదిని విడిగా ఉంచవచ్చు. విత్తనాల బస్తాల పక్కన మాత్రం వద్దు.

ఇక డ్రోన్ అసిస్టెంట్. పథకం రాసినవాళ్లు మంచి ఆలోచన చేశారు గానీ ఆ మనిషికి చెప్పుకోదగ్గ బాధ్యత ఒకటి అప్పగించాలి. బ్యాటరీలు ఆ మనిషివి కావాలి. పైలట్ ఎగరేస్తే, ఏ ప్యాక్ ఎన్నిసార్లు తిరిగింది, ఎంత వేడెక్కింది, ఏ సెల్ వెనకబడింది అన్నది అసిస్టెంట్ ఒక నోటుపుస్తకంలో రాయాలి. ప్యాక్ మీద మార్కరుతో ఒకటి, రెండు, మూడు అని నంబరు వేసుకుంటే లెక్క కుదురుతుంది. ఛార్జ్ 30 శాతానికి రాగానే దిగమని చెప్పే అధికారం, వేడి ప్యాక్‌ను ఛార్జర్‌కు తగిలించొద్దని రైతు ముందే చెప్పే ధైర్యం ఆ మనిషికి ఉండాలి. ఎక్కువసార్లు ఆ స్థానంలో ఉండేది పైలట్ భర్తో, తమ్ముడో, మరదలో కాబట్టి ఈ మాట ఇంట్లో కొట్లాటగా మారకుండా ఉండాలంటే అది శిక్షణలోనే, కాగితం మీద రావాలి. ఖాళీ నెలల్లో నెలకోసారి పెట్టె తెరిచి చూడటం కూడా అసిస్టెంట్ పనే. కొత్త అమావాస్యకు నూకాలమ్మ జాతర మొదలయ్యే రోజుల్లో ఎండలు ముదురుతాయి, ఆ వారం చూడటం మరీ ముఖ్యం. 3.7 కిందికి జారిన సెల్ ఉంటే మళ్లీ 3.8కి ఎక్కించి పెట్టాలి, అంతే.

ఇన్ని చేసినా ప్యాక్ ఏదో ఒక రోజు చచ్చిపోతుంది. అప్పుడది పాత సామాన్ల బండిలోకి పోతే, ఎక్కడో సుత్తి దెబ్బ పడి అంటుకుంటుంది. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాడేసిన బ్యాటరీలను వెనక్కి తీసుకుని శుద్ధికి పంపే బాధ్యత వాటిని మార్కెట్‌లోకి తెచ్చినవాళ్లది. డ్రోన్ల కొనుగోలు ఆర్డర్లు పెట్టే అధికారులు ఆ ఒప్పందంలోనే రెండు వాక్యాలు రాయించాలి. ఉబ్బిన ప్యాక్‌ను జిల్లా కేంద్రంలో అప్పగించుకునే చోటు సరఫరా చేసిన కంపెనీయే చూపించాలి, పాత ప్యాక్ తెచ్చి ఇచ్చిన సంఘానికి కొత్తదాని ధరలో కొంత తగ్గించాలి. తదుపరి విడత డ్రోన్లు అనకాపల్లి మండలాలకు వచ్చేలోపు ఈ రెండు వాక్యాలు టెండరు కాగితాల్లోకి ఎక్కాలి.